చెక్క మనుషులకు రంగు వెయ్యనంది

మా అమ్మాయిని జైల్లో పెట్టింది యుద్ధానికి వెళ్లనన్నందుకు. జైల్లో మళ్లీ శిక్ష వేసింది రంగు వెయ్యనన్నందుకు. మొదటిది చెబితే జనం కాసేపు ఆగి తలూపుతారు. రెండోది చెబితే "రంగేమిటండీ?" అంటారు. వాళ్ల తప్పేం లేదు. నేనూ అలాగే అడిగాను, అద్దానికి ఇవతల ఫోన్ పట్టుకుని, గార్డు వచ్చి "మేడమ్, కాస్త నెమ్మదిగా" అనేంత గట్టిగా.

మేం అమెరికాలో, ప్లెయిన్స్‌బరో అనే ఊళ్లో ఉంటాం. మా ఆయన మందుల కంపెనీలో కెమిస్టు. నేను ఫార్మసీ కౌంటర్ వెనక నిలబడే మనిషిని. మాకు ఒక్కతే కూతురు. మా కాంప్లెక్సులో దాని ఈడు పిల్లలందరూ కోడింగో మెడిసినో అంటూ పరిగెడుతుంటే, ఇది కాలేజీ మధ్యలో ఒకరోజు ఇంటికొచ్చి ఆర్మీలో మెడిక్‌గా చేరానని చెప్పింది. మెడిక్ అంటే గాయపడినవాళ్లకు అక్కడికక్కడే కట్టు కట్టి, ప్రాణం నిలిపే ఉద్యోగం.

"మమ్మల్ని అడిగే చేరావా?" అన్నాను.

"అడిగితే నో అంటావు కదమ్మా."

అంటాను. అందులో అబద్ధమేం లేదు. అందుకే ఇంకా ఒళ్లు మండింది. వారం రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు.

యుద్ధానికి ఒకసారి వెళ్లింది. తిరిగొచ్చాక బాగానే తింటోంది, బాగానే పడుకుంటోంది అని నన్ను నేను నమ్మించుకున్నాను. ఒక ఆదివారం పొద్దున నేను దోసెలు పోస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, నేను ఇంక గన్ పట్టుకోను. నాకు ఏ వార్ కూడా రైట్ అనిపించట్లేదు" అంది. మెడిక్ దగ్గర కూడా తుపాకీ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఏం జరిగిందే అని అడిగితే చెప్పలేదు. దోసె మాడింది. దాన్ని చెత్తలో పడేసి ఇంకోటి పోశాను.

అంతరాత్మ ఒప్పుకోక యుద్ధం వద్దనేవాళ్లకు ఆర్మీలోనే ఒక దారి ఉందట. దరఖాస్తు పెట్టుకుంటే ఒక ఆఫీసరు విచారిస్తాడు. ఆ మనిషి నమ్మకం నిజమైనదనీ గట్టిదనీ తేలితే మర్యాదగా ఇంటికి పంపించేస్తారు. తేలకపోతే మామూలు సైనికుల లెక్కే, ఎక్కమన్న విమానం ఎక్కాల్సిందే. మా అమ్మాయి దరఖాస్తు పెట్టింది. విచారణకు తెలిసినవాళ్లు వచ్చి దాని గురించి చెప్పవచ్చన్నారు. మా ఆయన వెళ్లారు.

అక్కడ జరిగింది చెప్పాలంటే మనవాళ్ల పద్ధతి ఒకటి గుర్తు చెయ్యాలి. మన పిల్ల తరఫున టీచరు ముందైనా, పోలీసు ముందైనా, రేపు అత్తగారి ముందైనా నిలబడితే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏమిటి? "చిన్నపిల్లండీ, తెలిసీ తెలియక చేసింది, పెద్ద మనసు చేసుకోండి." అవతలివాళ్లు వెంటనే "అయ్యో, ఎంత మాట! మీ పిల్ల బంగారం కదా" అనాలి. అప్పుడు అందరూ కూర్చుని కాఫీ తాగాలి. ఇది ఇద్దరు కలిసి ఆడే ఆట. మా ఆయన ఆఫీసరు ముందు చేతులు కట్టుకుని నిలబడి తన వంతు మాట చక్కటి ఇంగ్లీషులో చెప్పేశారు. "సర్, షి ఈజ్ ఎ చైల్డ్. ఆమెకేం తెలియదు. దయచేసి క్షమించండి."

ఆ ఆఫీసరుకి తన వంతు మాట తెలియదు. విన్నది విన్నట్టు రాసుకున్నాడు. నిర్ణయం వచ్చినప్పుడు అందులో ఉంది: దరఖాస్తుదారు తండ్రే ఈమెకు పరిపక్వత లేదంటున్నాడు, కనుక ఇది గట్టి నమ్మకం అనలేం.

మా ఆయన మొహం ఆరోజు చూడలేకపోయాను. నిజానికి తిట్టాలని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. అమ్మాయి మాత్రం "నాన్నా, ఇట్స్ ఓకే, నువ్వు నాకోసమే చెప్పావు" అని ఆయన వీపు నిమిరింది. ఆ నిమరడం ఆయన్ని ఇంకా కుంగదీసింది.

తర్వాత విమానం ఎక్కమన్నారు. ఎక్కనంది. ఆర్మీ కోర్టు ఏడాది జైలు వేసింది.

ఆ జైలు ఇంకో రాష్ట్రంలో, ఒక మిలిటరీ బేస్ లోపల ఉంది. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి చేరతాం. మొదటిసారి నేను చీర కట్టుకుని వెళ్లాను, కూతుర్ని చూడటానికి వెళ్తున్నా కదా అని. మన చీరలో ఎన్ని పిన్నీసులు ఉంటాయో కట్టుకునేవాళ్లకు కూడా గుర్తుండదు. మెటల్ డిటెక్టర్‌కి మాత్రం అన్నీ గుర్తున్నాయి. భుజం దగ్గరది తీశాను, మోగింది. కుచ్చిళ్ల దగ్గరది తీశాను, మోగింది. ఇంకోటి తీస్తే చీర ఊడుతుంది. వెనక నిలబడినవాళ్లు ఓపిగ్గా చూస్తున్నారు. చివరికి పక్క ఊళ్లో షాపుకెళ్లి ప్యాంటు కొనుక్కుని, కార్‌లో మార్చుకుని వచ్చాను.

మళ్లీ మోగింది. ఈసారి మంగళసూత్రాలు.

"తీసెయ్యండి మేడమ్. వెడ్డింగ్ రింగ్ తప్ప నగలు లోపలికి పోవు" అన్నాడు గార్డు.

"ఇదే నా వెడ్డింగ్ రింగ్. మేం వేలికి పెట్టుకోం, మెడకి కట్టుకుంటాం" అన్నాను.

అతను లోపలికెళ్లి ఎవరినో అడిగొచ్చాడు. "ఓకే మేడమ్, వెళ్లండి." ఆ జైల్లో మాకు దక్కిన మొదటి విజయం అది. లోపలికి వెళ్తుంటే నా నడక నాకే కొత్తగా అనిపించింది.

అమ్మాయి బాగానే ఉంది. చెక్కపని షాపులో వేశారట. రంపం పట్టడం, నున్నగా రాయడం నేర్చుకుందట. చేతులు చూపించింది, అరచేతులు కాయలు కాచి ఉన్నాయి. "అమ్మా, నేను ఒక షెల్ఫ్ చేశాను, అస్సలు ఊగట్లేదు" అంది, చిన్నప్పుడు డ్రాయింగ్ తెచ్చి చూపించినంత సంబరంగా. గార్డుల్లో ఇద్దరు ముగ్గురు దాన్ని పేరుతో కాకుండా "పిరికిదానా" అని పిలుస్తారని కూడా అంది. అదీ మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం ఆ రాత్రి మోటెల్లో అన్నం సయించలేదు.

ఆ తర్వాత రెండు నెలలకు వెళ్తే, చూడటానికి అద్దం గదిలోకి పంపారు. మధ్యలో దళసరి అద్దం, ఇటూ అటూ ఫోన్లు. అమ్మాయి సగమైపోయింది. కళ్ల కింద నల్లగా ఉంది. అప్పుడు తెలిసింది, దాన్ని ఒంటరి గదిలో పెట్టారని.

జరిగిందేమిటంటే, బేస్‌లో తుపాకీ కాల్చడం నేర్పే మైదానం నుంచి చెక్కపని షాపుకి పని వచ్చింది. ప్లైవుడ్‌ని తలా భుజాలూ ఉండేలా మనిషి ఆకారంలో కోసి, పచ్చరంగు వెయ్యాలి. వాటిని నిలబెట్టి కొత్త సైనికులు గురిచూసి కాలుస్తారు. మా అమ్మాయి చేతికి బ్రష్ ఇచ్చారు. కింద పెట్టింది. ఆజ్ఞ ఇచ్చారు. అయినా తియ్యలేదు. అంతే, ఒంటరి గది. రోజంతా ఒక్కతే. పొద్దున్నే పరుపు తీసుకెళ్లిపోతారు, రాత్రికి ఇస్తారు. లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. కాసేపు ఒక బోనులాంటి చోట నడవనిస్తారు. మంచి నడవడికకు శిక్షలో తగ్గించే రోజులు కూడా తీసేశారు. రంగు వేస్తానంటే చాలు, ఆ రోజే బయటికి తెస్తామన్నారు.

అప్పుడే నేను అరిచింది.

"రంగేమిటే? యుద్ధానికి వెళ్లనన్నావు, సరే. జైలుకి పోతానన్నావు, సరే. ఇప్పుడు చెక్కముక్కకి రంగు వెయ్యడానికి కూడా నీకు అడ్డమేనా? అది కొయ్య! దానికి ప్రాణం లేదు, నెత్తురు లేదు. వేసెయ్యి తల్లీ, నీకు దణ్ణం పెడతాను, వేసెయ్యి."

అది ఫోన్ చెవికి పెట్టుకుని నన్నే చూస్తూ విన్నది. "నో అమ్మా" అంది. అంతే.

దారి పొడుగునా నేను కారు కిటికీకి చెప్పుకుంటూ వచ్చాను, ఈ మొండితనం మీ వైపుదే అని. ఆయన డ్రైవ్ చేస్తూనే ఉన్నారు.

మళ్లీసారి వెళ్లినప్పుడు నేను అరవలేదు. ఓపిక లేదు. ఫోన్ తీసి, "ఎందుకో చెప్పు. నాకు అర్థమయ్యేలా చెప్పు" అన్నాను.

అప్పుడు ఆ దోసెల రోజు చెప్పనిది చెప్పింది. దాని తెలుగు మీకు తెలుసుగా, ఇక్కడి పిల్లల తెలుగు, అక్కడక్కడా మెట్లు విరిగిన నిచ్చెన. అయినా నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాకుండా పోలేదు.

"అమ్మా, అక్కడ ఈవినింగ్ టైమ్‌లో ఒక ఆంటీ రోడ్ క్రాస్ చేసింది. తల మీద బట్ట ఉంది. చెక్‌పోస్ట్‌లో మావాళ్లు షూట్ చేశారు. నేను పరిగెత్తాను. ఆమె చెయ్యిలో బ్రెడ్ ఉంది అమ్మా, ఇంకేం లేదు. నేను చాలా ట్రై చేశాను. పోయింది. తర్వాత షూట్ చేసిన అతను ఏడ్చాడు. ఏమన్నాడంటే, నాకు పర్సన్ కనిపించలా, షేప్ కనిపించింది అన్నాడు. తలా, షోల్డర్సూ. అతను బ్యాడ్ కాదమ్మా. అతనికి అదే నేర్పించారు. ఇప్పుడు ఆ షేప్ నన్ను చెయ్యమంటున్నారు. నేను ఎలా చేస్తాను?"

అద్దానికి అరచెయ్యి ఆనించాను. అదీ తన చెయ్యి అటువైపు ఆనించింది. చేతులు కాదు, చల్లటి అద్దమే తగిలింది.

"వెయ్యకు" అన్నాను.

"ఏంటమ్మా?"

"రంగు. వెయ్యకు. ఇంట్లో నేను చూసుకుంటా, నాన్నకి నేను చెప్తా. నువ్వు వెయ్యకు."

అప్పుడు ఏడ్చింది అది. ఒంటరి గదిలో వేసినప్పుడు ఏడవలేదట, పరుపు తీసేసినప్పుడు ఏడవలేదట. అమ్మ వద్దంటే ఏడ్చింది. నాకు దుఃఖం వచ్చింది గానీ, దాని వెనకాలే ఇంకోటి వచ్చింది. గర్వం. నా కడుపున పుట్టినది ఇంత నిటారుగా నిలబడిందే అని.

మా లాయరమ్మ కూడా ఒకప్పుడు ఆర్మీలో పని చేసినావిడే. మాటలు తక్కువ, పని ఎక్కువ. ఒంటరి గది శిక్ష పొడిగించాలా వద్దా అని జైలు బోర్డు కూర్చుంటుందనీ, కుటుంబం తరఫున ఒకరు మాట్లాడవచ్చనీ చెప్పింది. నేను మాట్లాడతానన్నాను. కార్‌లో తిరిగొస్తుంటే మా ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "నేను మాట్లాడతాను" అన్నారు.

"మీరొద్దండీ" అన్నాను.

"నేనే మాట్లాడాలి" అన్నారు. పెళ్లైనప్పటి నుంచి ఆ గొంతు ఆయన దగ్గర నేను విన్నది లేదు. ఇంక నోరు మూసుకున్నాను.

బోర్డులో ముగ్గురు ఆఫీసర్లు. మధ్యలో జుట్టు నెరిసిన పెద్దాయన, చివర ఒకావిడ. అమ్మాయిని ఇంకా తీసుకురాలేదు. మమ్మల్ని ముందు పిలిచారు. మా ఆయన లేచారు. చేతులు కట్టుకుంటారేమోనని చూశాను. కట్టుకోలేదు. రెండు చేతులూ బల్ల మీద ఆనించారు.

"సర్, పోయిన విచారణలో నా కూతురు చిన్నపిల్ల, ఏమీ తెలియదని చెప్పాను. అది మీ రికార్డులో ఉంది. దాన్ని సరిచేద్దామని వచ్చాను. మా ఇళ్లల్లో పెద్దల ముందు నిలబడితే ముందు మా పిల్లల్ని తగ్గించి మాట్లాడతాం. అది మా మర్యాద సర్, సాక్ష్యం కాదు. సాక్ష్యం ఇప్పుడు చెప్తాను. నా కూతురికి అన్నీ తెలుసు. చేరినప్పుడు ఎందుకు చేరిందో తెలుసు, మానేసినప్పుడు ఎందుకు మానేసిందో తెలుసు. బ్రష్ కింద పెడితే ఆ గదిలో వేస్తారని తెలుసు. తీస్తే ఆ రోజే బయటికి రావచ్చనీ తెలుసు. తెలిసే కింద పెట్టింది. తెలియనిది నాకే."

పెద్దాయన కళ్లద్దాలు సరిచేసుకుని, "ఆమె మనసు మార్చాలని మీ కుటుంబం ప్రయత్నించిందా?" అని అడిగాడు.

"నా భార్య ప్రయత్నించింది సర్."

"ఫలితం?"

"నా భార్య మనసు మారింది."

చివర కూర్చున్నావిడ తల దించుకుని కాగితాలు సర్దినట్టు నటించింది గానీ, భుజాలు కదలడం నేను చూశాను. నాకు కూడా, ఆ గదిలో, ఆ వేళ, నవ్వు వచ్చింది. మా ఆయన అక్కడే నిలబడి ఉన్నారు, మొహం ఎర్రబడి, కానీ తల ఎత్తి. లేచి వెళ్లి దిష్టి తియ్యాలనిపించింది.

తర్వాత అమ్మాయిని తీసుకొచ్చారు, చేతులకి సంకెళ్లతో. నాన్న ఏం చెప్పాడో దానికి తెలియదు. మావైపు చూసి చిన్నగా నవ్వి, బోర్డు వైపు తిరిగింది.

"నిన్ను మళ్లీ చెక్కపని షాపుకి పంపితే వెళ్తావా?" అన్నాడు పెద్దాయన.

"వెళ్తాను సర్. షెల్ఫులు చేస్తాను, కుర్చీలు చేస్తాను. వద్దంటే బాత్రూములు కడుగుతాను. మనుషుల షేప్ మాత్రం చెయ్యను."

"ఆ పని చేస్తున్న తోటివాళ్లని తప్పుపడుతున్నావా?"

"లేదు సర్. వాళ్ల చేతులు వాళ్లవి. ఇవి నావి."

సంకెళ్లతోనే చేతులు కొంచెం పైకెత్తి చూపించింది. ఆ పెద్దాయన వాటినే కాసేపు చూశాడు. కోపంగానూ చూడలేదు, జాలిగానూ చూడలేదు. లెక్క తేలిన మనిషిలా చూశాడు.

ఆ వారంలోనే ఒంటరి గది తీసేశారు. తీసేసిన తగ్గింపు రోజులన్నీ తిరిగి ఇచ్చారు. మా అమ్మాయికే కాదు, యుద్ధాన్ని అంతరాత్మ కారణంగా కాదన్న ఖైదీలెవరికీ ఆ జైల్లో ఇకమీదట ఆయుధాలకు సంబంధించిన పని ఇవ్వకూడదని తేల్చారు. లాయరమ్మ ఫోన్‌లో ఈ మాట చెబితే, నేను కౌంటర్ దగ్గర మందులు తీసుకుంటున్న ఒక ముసలాయనకి చిల్లర రెండుసార్లు ఇచ్చాను. ఆయన తిరిగి ఇచ్చేశాడు, మంచివాడు.

లాయరమ్మ అక్కడితో ఆగలేదు. బోర్డులో మాట్లాడిన మాటలన్నీ జతచేసి, పాత దరఖాస్తుని మళ్లీ తెరిపించింది. "నమ్మకం గట్టిదని నిరూపించడానికి మనం ఆ అమ్మాయి చిన్నతనం అంతా వెతికాం. నిరూపణ జైలే ఇచ్చింది. ఎవరూ చూడని గదిలో, ఒప్పుకుంటే వదిలేస్తారని తెలిసి కూడా ఒప్పుకోలేదు. ఇంతకంటే ఏం కావాలి వాళ్లకి?" అంది.

వాళ్లకి ఇంకేం అక్కర్లేకపోయింది. నమ్మకం నిజమైనది, గట్టిది అని ఆర్మీయే ఒప్పుకుంది. లాయరమ్మ స్పీకర్ ఫోన్‌లో ఆ వాక్యం చదివితే మా ఆయన "మళ్లీ చదవండి" అన్నారు. చదివింది. "ఇంకొక్కసారి" అన్నారు. విసుక్కోకుండా చదివింది. అప్పుడాయన సోఫాలో కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. నేను పక్కన కూర్చుని ఆపలేదు. ఆ ఏడుపు ఆయనకి ఎప్పటినుంచో రావాల్సి ఉంది.

దాన్ని జైలు నుంచీ ఆర్మీ నుంచీ వదిలేశారు. ఇంటికి తెచ్చుకోవడానికి వెళ్లిన రోజు ఎండ బాగా కాస్తోంది. గేటు దగ్గర కారు ఆపుకుని నిలబడ్డాం. అది మామూలు బట్టల్లో, ఒక చిన్న సంచీతో నడుచుకుంటూ వచ్చింది. పరిగెత్తలేదు. నేనే పరిగెత్తాను. జైలు లోపలలాగా ఎంతసేపు కావలించుకోవచ్చో చెప్పే రూలు అక్కడ లేదు, గడియారం చూసే గార్డు లేడు. తనివితీరా పట్టుకున్నాను. ఎముకలు తగిలాయి. పర్లేదు, ఎముకల మీద కండ పెట్టడం నాకు తెలుసు.

వాళ్ల నాన్న కారు తలుపు తీసి పట్టుకున్నారు. అది ఎక్కబోతుంటే దూరంగా, చెట్లకి అవతల, పటపటమని చప్పుడు మొదలైంది. మైదానంలో కొత్తవాళ్లకి కాల్చడం నేర్పుతున్నారు. గబగబా కూర్చోబెట్టేసి తలుపు వెయ్యాలనుకున్నాను. అది నా చెయ్యి పట్టుకుని ఆపింది. చప్పుడు వచ్చే వైపు తిరిగి, అది ఆగేదాకా నిలబడి వింది.

"అమ్మా, వాటిలో ఒక్కటి కూడా నేను చెయ్యలేదు" అంది.